అయిదు గంటల దాంపత్యం



1938 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ విందు జరిగింది. ఉత్తమ దర్శకుడి బహుమతి లియో మెకేరీకి వచ్చింది. 'ది ఆఫుల్ ట్రూత్' అనే హాస్య చిత్రానికి. విడాకులకు కోర్టుకెక్కిన మొగుడూ పెళ్ళాం ఒకరి కాళ్ళకు ఒకరు అడ్డం పడుతూ, చివరికి మళ్ళీ ఒకటయ్యే కథ అది. జనం కడుపుబ్బా నవ్వుకున్నారు, కంపెనీకి డబ్బులు రాలాయి. బహుమతి అందుకున్న మెకేరీ కృతజ్ఞతలు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఇవ్వడమైతే ఇచ్చారు గానీ, ఇవ్వాల్సిన సినిమాకి ఇవ్వలేదు అన్నాడు.

ఆయన మనసులో ఉన్నది అదే 1937లో, దానికి కొన్ని నెలల ముందు తాను తీసిన ఇంకో సినిమా. పేరు 'మేక్ వే ఫర్ టుమారో'. పారమౌంట్ కంపెనీది. నలుపు తెలుపు, గంటన్నర నిడివి. పత్రికల వాళ్ళు మెచ్చుకున్నారు, జనం మాత్రం రాలేదు. పైగా దాని పుణ్యమా అని మెకేరీకి ఆ కంపెనీలో కొలువు కూడా పోయింది. పాత ఇంగ్లీషు సినిమాలంటే చెవి కోసుకునేవాళ్ళను ఇవాళ కదిపి చూడండి. 'గాన్ విత్ ద విండ్' అంటారు, 'కాసాబ్లాంకా' అంటారు. ఈ పేరు చెప్పేవాళ్ళు అరుదు. ఈ పూట దాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

కథ మనకు కొత్తది కాదు. బార్క్లీ కూపర్, లూసీ కూపర్ అని ఇద్దరు ముసలి దంపతులు. పెళ్ళయి యాభై ఏళ్ళు. అయిదుగురు పిల్లలు, అందరూ పెరిగి పెద్దవాళ్ళయి ఎవరి దారిన వాళ్ళున్నారు. ఒకమ్మాయి దూరాన కాలిఫోర్నియాలో ఉంది. మిగతా నలుగురినీ ఒకరోజు ఇంటికి పిలుస్తారు. భోజనాలయ్యాయి, కబుర్లయ్యాయి. అప్పుడు ముసలాయన మెల్లిగా గొంతు సవరించుకుని, ఇల్లు బ్యాంకు వాళ్ళు తీసేసుకుంటున్నారర్రా అంటాడు. ఎప్పుడు ఖాళీ చేయాలి అంటే, ఆరు నెలల గడువిచ్చారంటాడు. పిల్లలు అమ్మయ్య అనుకుంటారు. ఆ ఆరు నెలలూ దాదాపు గడిచిపోయాయని, ఇక మిగిలినవి కొద్ది రోజులేనని తర్వాత బయటపడుతుంది. ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, ఏదో ఒక దారి దొరక్కపోతుందా అనుకున్నానంటాడు. అప్పుల్లో ఉన్న పెద్దమనిషి ఏ దేశంలోనైనా చెప్పే మాట ఇదే కాబోలు.

కాలం ఎలాంటిదో చూడండి. అమెరికాలో మహా మాంద్యం రోజులు. బార్క్ జమా ఖర్చులు రాసే గుమాస్తా, నాలుగేళ్ళుగా పని లేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ముసలివాళ్ళకు నెలనెలా పింఛను ఇచ్చే చట్టం 1935 ఆగస్టులోనే తెచ్చింది. కానీ మొదటి నెలసరి చెక్కు చేతికందింది 1940 జనవరిలో. అదీ ఆ చట్టం అమల్లోకి వచ్చాక ఎక్కడో పనిచేసి, జీతంలోంచి ఆ పద్దు కింద కోత పడినవాళ్ళకే. ముందే పని పోయిన బార్క్ లాంటివాళ్ళకు అందులో చోటు లేదు. చట్టం కాగితం మీద ఉంది, డబ్బు జేబులో లేదు. ఈ సినిమా సరిగ్గా ఆ సందులో నిలబడి ఉంది.

ఇల్లు పోయింది. ఇద్దరినీ కలిపి ఉంచుకునే స్తోమత, లేదా తీరిక, లేదా మనసు, మూడింటిలో ఏదో ఒకటి లేదు పిల్లల దగ్గర. అందుకని పంపకం జరుగుతుంది. అమ్మ న్యూయార్కులో పెద్దకొడుకు జార్జి ఫ్లాటుకి. నాన్న మూడు వందల మైళ్ళ అవతల కూతురు కోరా ఇంటికి. మూడు నెలలు ఓపిక పట్టండి, మా ఆయన్ని ఒప్పించి ఇద్దరినీ నేనే తీసుకెళతాను అంటుంది ఇంకో కూతురు నెల్లీ. ఆ మూడు నెలలూ రావని ఆమెకూ తెలుసు, మనకూ తెలుసు.

మన పల్లెల్లో వంతులు వేసుకోవడం తెలిసిందే. ఒక నెల పెద్దోడింట్లో, ఒక నెల చిన్నోడింట్లో. ఆస్తి పంచుకున్నట్టే అమ్మానాన్నల్నీ పంచుకోవడం. తెరమీదా చూశాం. 1972లో వచ్చిన ఎన్టీ రామారావు, అంజలీదేవి 'బడిపంతులు'లో ఉన్నదీ ఈ ఎడబాటే. అంతకు ముందు 1958లో బి.ఆర్. పంతులు కన్నడంలో తీసిన 'స్కూల్ మాస్టర్' దానికి మూలం. 2003లో హిందీ 'బాగ్‌బాన్' కూడా ఆ దారిలోదే. వీటన్నిటిలోనూ మన కళ్ళు చెమర్చాయి, కాదనను. కానీ వీటిలో ఒక వసతి ఉంది. కడుపున పుట్టినవాళ్ళు కానివాళ్ళయ్యారు, పరాయివాడు ఆదుకున్నాడు, కన్నపిల్లలు తలవంచుకున్నారు. సీట్లోంచి లేచేటప్పుడు మనకు ఒక తీర్పు చేతికొస్తుంది. పాపం చేసినవాడు ఎవడో తెలుసు, ఆ పాపాత్ముడు మనం కాదు.

మెకేరీ ఈ వసతి ఇవ్వడు. ఆయన సినిమాలో సూర్యకాంతం లేదు. జార్జి భార్య అనీటాని చూడండి. మర్యాదస్తురాలు. ఇంటి ఖర్చులకు చేదోడుగా, ఇంట్లోనే నలుగురికి బ్రిడ్జి ఆట నేర్పుతూ నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంది. అత్తగారి మీద ఊరికే నోరు పారేసుకోదు. చిరునవ్వుతోనే పళ్ళ బిగువున భరిస్తుంది. అత్తగారు లూసీ కూడా మనం పూజించుకునే త్యాగమూర్తేం కాదు. ఎదిగిన మనవరాలు రోడా గదిలో తన పక్క వేస్తారు. పిల్ల స్నేహితులు ఇంటికొస్తే ఈవిడ మధ్యలో కూర్చుని కబుర్లు పెట్టుకుంటుంది. దాంతో ఆ పిల్ల స్నేహితుల్ని ఇంటికి తేవడం మానేసి, వాళ్ళని బయట కలుసుకోవడం మొదలుపెడుతుంది. దాని పర్యవసానాలు దానివి. కోడలి కోణంలోంచి చూస్తే ఆమె చిరాకు న్యాయమే. అత్తగారి కోణంలోంచి చూస్తే ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ నాలుగు గోడల మధ్య ఇంకో మనిషికి చోటు లేకపోవడమే అసలు గొడవ. చోటు చాలని ఇంట్లో మంచితనం కూడా ఇరుకైపోతుంది.

ఇందులో ఒక ఘట్టం రేడియోలో చెప్పుకోవడానికి మరీ బాగుంటుంది. ఎందుకంటే అదంతా చప్పుళ్ళ మీదే నడుస్తుంది.

ఆ సాయంత్రం అనీటా ఇంట్లో బ్రిడ్జి తరగతి. హాలు నిండా బల్లలు. శుభ్రంగా ముస్తాబై వచ్చిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ పేకముక్కలు చేత పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆలోచిస్తున్నారు. లూసీ వచ్చి తన ఊగుడు కుర్చీలో కూర్చుంటుంది. అది కిర్రుమంటుంది. మళ్ళీ కిర్రు. ఒక్కొక్క తలా ఇటు తిరుగుతుంది. ఆమెకు తెలియదు. అనీటా మొహంలో రక్తం ఇంకిపోతూ ఉంటుంది. మనం నవ్వుతాం. మెకేరీ లారెల్, హార్డీ ఇద్దరినీ జత కట్టించినవాడు, మార్క్స్ సోదరుల 'డక్ సూప్' తీసినవాడు. ఒక కిర్రుకీ ఇంకో కిర్రుకీ మధ్య ఎన్ని క్షణాలు ఆగితే నవ్వొస్తుందో ఆయనకు తెలుసు.

అంతలో ఫోన్ మోగుతుంది. మూడు వందల మైళ్ళ నుంచి బార్క్. ట్రంకాల్ రోజుల్లో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఫోన్ పట్టుకుని ఎలా అరిచేవాళ్ళో గుర్తుందా? వైరు మీద నమ్మకం లేనట్టు, అవతలి ఊరికి గొంతుతోనే వినిపించాలన్నట్టు. లూసీ కూడా అలాగే. ఆమె గావుకేకకు పేకాట ఆగిపోతుంది. మొదట ముసిముసి నవ్వులు. ఆవిడ మాత్రం తన లోకంలో తాను ఉంది. ఒంట్లో ఎలా ఉంది, చలికి వెచ్చగా ఉంటున్నావా అని అడుగుతుంది. ఇంత డబ్బు తగలేసి ఫోన్ ఎందుకు చేశావు, ఆ డబ్బుతో మెడకి ఒక మంచి ఉన్ని గుడ్డ కొనుక్కోకపోయావా అని మందలిస్తుంది. బార్క్ గొంతు మనకు వినిపించదు. ఆవిడ కనిపిస్తుంది, ఆవిడ వెనకాల కూర్చున్న జనం కనిపిస్తారు. వాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఒకరు తల దించుకుంటారు. ఒకరు చేతిలోని ముక్కల్ని ఊరికే సర్దుకుంటారు. వినకూడనిది వింటున్నామన్న సంకోచం. ఆమె ఫోన్ పెట్టేసేసరికి హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

ఇంతసేపూ ఆ జనానికీ, ఆ మాటకొస్తే మనకూ, ఆమె ఒక అడ్డం. ఒకరి తల్లి, ఒకరి అత్త, ఒకరి నాయనమ్మ. ఆ ఫోన్ వల్ల మొదటిసారి ఆమె ఒకరి భార్య అని తెలిసింది. నా దృష్టిలో ఈ సినిమా ప్రాణం ఇక్కడుంది. పిల్లలకు కనిపించేది అమ్మా నాన్నా మాత్రమే. అమ్మను ఒకచోట పెట్టి చూసుకోవచ్చు, నాన్నను ఇంకోచోట పెట్టి చూసుకోవచ్చు. అన్నం పెట్టడంలో, మందులిప్పించడంలో లోటేమీ ఉండకపోవచ్చు. కానీ వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలన్న సంగతి ఒక్కరికీ తోచదు. మన దేశంలో 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది, పట్టించుకోని పిల్లల చేత భరణం ఇప్పించడానికి ఒక దారి ఏర్పడింది. మంచిదే. అయితే బార్క్, లూసీలకు కరువైంది తిండి కాదు.

అవతల బార్క్ పరిస్థితి ఏమిటంటే, కూతురు కోరా ఇంట్లో హాల్లో సోఫా మీద పడక. కళ్ళజోడు పగిలింది. ఆ ఊళ్ళో మాక్స్ రూబెన్స్ అని ఒక చిన్న కొట్టు నడుపుకునే యూదు పెద్దమనిషి స్నేహం కుదిరింది. లూసీ రాసిన ఉత్తరం పట్టుకుని బార్క్ ఆ కొట్టుకి వెళతాడు, కాస్త చదివి పెట్టమని. మాక్స్ చదువుతాడు. కుశల ప్రశ్నలు, ఇంటి సంగతులు. చదవగా చదవగా ఆ ఉత్తరం భార్య భర్తకు రాసుకునే మాటల్లోకి జారుతుంది. మాక్స్ ఆగిపోతాడు. మిగతాది కళ్ళజోడు బాగు చేయించుకున్నాక నువ్వే చదువుకో అన్నట్టు కాగితం చేతికిచ్చేస్తాడు. బార్క్ వెళ్ళిపోయాక, కొట్టు వెనకున్న భార్యను కేకేస్తాడు. ఆమె వస్తుంది, ఏంటంటుంది. ఏం లేదు, ఊరికే పిలిచాను అంటాడు. అంతే ఆ ఘట్టం. ఇంతకంటే గొప్ప ప్రేమ సన్నివేశాలు హాలీవుడ్ తీసి ఉండొచ్చు గానీ, ఇంత తక్కువ సరంజామాతో తీసినవి నేను చూడలేదు.

బార్క్‌కు జలుబు చేస్తే ఆ మాక్సే వేడి సూపు పట్టుకొస్తాడు. కోరాకు మండిపోతుంది. ఆమె కోపమూ అర్థమవుతుంది. పొరుగువాడు మా నాన్నకి సూపు తెచ్చిస్తే, నేను సరిగా చూడటం లేదని ఊరంతా అనుకోరూ? డాక్టరు వస్తున్నాడనగానే ముసలాయన్ని సోఫా మీంచి లేపి తన మంచం మీదికి తరుముతుంది. ఆ చలి పడటం లేదన్న సాకుతో, కాలిఫోర్నియాలో ఉన్న కూతురి దగ్గరికి పంపేయాలని నిర్ణయం అవుతుంది. అక్కడ ఎండ బాగా కాస్తుందట. ఆయన ఒక్కడికే ఆ ఎండ.

ఇక లూసీ. ఒకరోజు వచ్చిన టపాలో ఒక కవరు ఆమె కంట పడుతుంది. ముసలి ఆడవాళ్ళ ఆశ్రమం నుంచి వచ్చిన జాబు. ఆడవాళ్ళకు మాత్రమే. కొడుకు జార్జి ఆ విషయం చెప్పడానికి తల్లి దగ్గరికి వస్తాడు. థామస్ మిచెల్ వేశాడు జార్జి వేషం. నోరు పెగలదు అతనికి. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నములుతుంటాడు. తల్లి చూసింది. కొడుకు ఆ మాట అనాల్సిన అవసరం రాకుండా, తానే అందుకుంటుంది. నాకిక్కడ ఏమీ తోచడం లేదురా, నా ఈడువాళ్ళుండే చోటికి వెళ్ళి ఉండాలనుంది, ఏమీ అనుకోవు కదా అని. ఒక్క షరతు పెడుతుంది. మీ నాన్నకు మాత్రం తెలియకూడదు, నేను నీ దగ్గరే ఉన్నానని అనుకోనివ్వు. లేచి వెళ్ళేటప్పుడు, పిల్లలందరిలో నువ్వంటేనే నాకు ఇష్టం అని కూడా చెబుతుంది. ఇది మంచితనమా, చెంపదెబ్బా? నాకు రెండూ అనిపిస్తాయి. జార్జికి మాత్రం దెబ్బే తగిలిందని మిచెల్ మొహం చెబుతుంది.

నటుల గురించి ఒక చిన్న ముచ్చట. లూసీగా వేసిన బ్యూలా బాండీకి అప్పటికి యాభై నిండలేదు. కొడుకుగా వేసిన మిచెల్ ఆమెకంటే మూడేళ్ళే చిన్న. డెబ్బై ఏళ్ళ నడకనీ, కూర్చునేటప్పుడు కుర్చీ చెయ్యి కోసం వెతుక్కోవడాన్నీ అంత చక్కగా పట్టుకొచ్చింది. ఆమె అసలు పెళ్ళే చేసుకోలేదు, కానీ జీవితమంతా తెరమీద తల్లి వేషాలే. జేమ్స్ స్టివార్ట్‌కి ఎన్నిసార్లు తల్లయిందో. బార్క్‌గా వేసిన విక్టర్ మూర్ బ్రాడ్వే నాటకాల్లో పేరున్న హాస్యగాడు. ఏడుపు సినిమాకి హాస్యగాడిని పెట్టుకోవడం మెకేరీ తెలివి. ఏడిపించాలని ప్రయత్నించే నటుడు ఒక్కడున్నా ఈ కథ గంగలో కలిసేది.

ఇప్పుడు అసలైన భాగానికొద్దాం. బార్క్ రైలు రాత్రికి. అంతకు ముందు న్యూయార్కులో ఇద్దరికీ కలిసి అయిదు గంటల సమయం చిక్కుతుంది. సాయంత్రం పిల్లలు భోజనానికి రమ్మన్నారు, ఆ తర్వాత స్టేషను. ఈలోపు ఊరు చూద్దామని నడక మొదలుపెడతారు. యాభై ఏళ్ళ క్రితం పెళ్ళి కాగానే వచ్చింది ఈ ఊరికే.

దారిలో కార్లమ్మే దుకాణం. ఇద్దరూ ఒక కొత్త కారును చూస్తూ నిలబడతారు. అమ్మేవాడు వీళ్ళను చూసి, ఎవరో డబ్బున్న పెద్దవాళ్ళు కాబోలనుకుని, ఎక్కండి ఒకసారి తిప్పి చూపిస్తానంటాడు. పాపం, వీళ్ళు అతనేదో మంచివాడు, ఊరికే షికారు తిప్పుతున్నాడనుకుంటారు. దిగే వేళకు విషయం బోధపడుతుంది. బార్క్ మొహం చిన్నబుచ్చుకుంటాడు. అమ్మేవాడికీ అర్థమైపోయింది. అతను ఏమంటాడంటే, నాకు ఈ కారును నలుగురికీ చూపించుకోవడం సరదా అండీ, అందుకే తిప్పాను అంటాడు. ముసలాయన పరువు కాపాడటానికి ఆ కుర్రాడు అప్పటికప్పుడు అల్లిన అబద్ధం.

దించింది వాళ్ళు కొత్త దంపతులుగా దిగిన హోటలు ముందే. లోపల కోట్లు తీసుకునే అమ్మాయి దగ్గర్నుంచి మేనేజరు దాకా ఆదరంగా మాట్లాడతారు. యాభై ఏళ్ళ తర్వాత వచ్చారని తెలిసి మేనేజరు వచ్చి పక్కన కూర్చుంటాడు. పిల్లలెందరని అడుగుతాడు. అయిదుగురు అంటే, అబ్బ, ఎంత సంతోషమో కదా అంటాడు. మీకు పిల్లలు లేరనుకుంటాను అంటుంది లూసీ. ఆ ఒక్క ముక్కే. సినిమా మొత్తంలో పిల్లల మీద ఆమె చేసిన ఫిర్యాదు ఏదైనా ఉందంటే అదే. అదీ నవ్వుతూ.

కాస్త తాగుతారు. కబుర్లాడుకుంటారు. బార్క్ లేచి వెళ్ళి పిల్లలకు ఫోన్ చేసి భోజనానికి రావడం లేదని చెప్పేస్తాడు. ఇంతకాలం ఎవరేం చెబితే దానికి తలూపిన మనిషి, ఆ పూటకు ఒక్కసారి కాదన్నాడు. ఒకచోట ఇద్దరి మొహాలూ దగ్గరకొస్తాయి. ముద్దు పెట్టుకోబోయే ముందు లూసీ తల తిప్పి సూటిగా కెమెరా వైపు, అంటే మన వైపు, చూస్తుంది. చూసి, సిగ్గుపడి వెనక్కి తగ్గుతుంది. ఎవరో ఉన్నారు ఇక్కడ అన్నట్టు. ఆ రోజుల్లో నటులు కెమెరా వంక చూడటం తప్పు, చూస్తే ఆ ముక్క కత్తిరించేవాళ్ళు. మెకేరీ కావాలనే ఉంచాడు. బ్రిడ్జి బల్లల దగ్గర వాళ్ళు పడ్డ సంకోచం ఇప్పుడు మన వంతైంది.

డాన్సు చేద్దామని లేస్తారు. తీరా నేల మీద అడుగుపెట్టేసరికి బ్యాండు వాళ్ళు అప్పటి కుర్రకారు మెచ్చే హుషారు రంబా ఎత్తుకుంటారు. ఇద్దరికీ అడుగు పడదు, బిక్కమొహాలు వేసుకుని నిలబడిపోతారు. బ్యాండు నాయకుడు చూస్తాడు. చేయి ఎత్తి ఆపి, పాతకాలపు వాల్ట్జ్ ఎత్తుకోమని సైగ చేస్తాడు. 

ఇక్కడ ఒక మాట. బయటివాళ్ళంతా దేవుళ్ళు, కన్నబిడ్డలంతా కసాయిలు అని మెకేరీ అంటున్నాడా అంటే, నాకలా అనిపించదు. కారు అమ్మే కుర్రాడికి వీళ్ళతో అరగంట. మేనేజరుకు ఒక గంట. బ్యాండు నాయకుడికి ఒక పాట. వీళ్ళలో ఎవరి హాల్లోనూ ఆ కుర్చీ రోజూ కిర్రుమనలేదు. అనీటాకు రోజూ కిర్రుమంది. ఆ మేనేజరే వాళ్ళని ఇంటికి తీసుకెళితే, నెల తిరిగేసరికి అతనూ ఏదో ఒక ఆశ్రమానికి ఉత్తరం రాసేవాడేమో. దర్శకుడు ఇది దాచడు. దాచకపోయినా ఆ పూట తీపి తగ్గదు. చుట్టం మూడు రోజులే ముద్దు అని మనం అనుకునేది ఇంటికొచ్చిన చుట్టం గురించి. ఇక్కడ కన్నవాళ్ళే చుట్టాలయ్యారు.

ఈ కథకు ఆధారం జోసఫీన్ లారెన్స్ 1934లో రాసిన నవల, దాని మీద వచ్చిన ఒక నాటకం. విన్యా డెల్మార్ సినిమాకు రాసింది. మెకేరీకి ఇది పట్టుకోవడానికి కారణం ఇంట్లోదే. ఆయన తండ్రి అప్పుడే పోయారు, ఈయన జబ్బుతో మంచాన ఉండి అంత్యక్రియలకు కూడా వెళ్ళలేకపోయాడు. పారమౌంట్ అధినేత అడాల్ఫ్ జూకర్ సెట్‌కు వచ్చి, చివర్లో ఇద్దరినీ కలిపెయ్యవయ్యా అని అడిగాడని చెబుతారు. మెకేరీ వినలేదు. సినిమా ఆడలేదు, ఆయన్ని పంపించేశారు.

ఆ తర్వాత అది పోయిందనుకున్న చోటల్లా మొలకెత్తింది. జపాన్‌లో కోగో నోదా అనే రచయిత దాన్ని చూసి మనసులో పెట్టుకున్నాడు. యాసుజిరో ఓజుతో కలిసి 1953లో 'టోక్యో స్టోరీ' రాశాడు. పట్నంలో పిల్లల ఇళ్ళకు వచ్చిన ముసలి దంపతుల కథే అదీ. ఇవాళ ప్రపంచంలోని గొప్ప సినిమాలు ఏరితే ముందు వరసలో ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఓజు స్వయంగా మెకేరీ సినిమా చూడలేదట. ఆర్సన్ వెల్స్ అయితే ఈ సినిమాకి రాయి కూడా ఏడుస్తుందన్నాడు. అమెరికా ప్రభుత్వం భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో 2010లో దీన్ని చేర్చారు. ఆ ఏడాదే శుభ్రమైన డీవీడీ కూడా వచ్చింది. దర్శకుడు పోయి అప్పటికి నలభై ఏళ్ళు.

కథ చివర ఏమైందో చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పినా నష్టం లేదు. రైలు కదిలే ముందు ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకుంటారు. అక్కడ ఉద్యోగం దొరకగానే నిన్ను పిలిపించుకుంటాను అంటాడు బార్క్. తప్పకుండా అంటుంది లూసీ. ఆశ్రమం సంగతి ఆమె చెప్పలేదు. ఆయనకు తెలుసో తెలియదో సినిమా చెప్పదు. ఒకవేళ మళ్ళీ కలవకపోతే అన్న మాట మాత్రం ఇద్దరూ అనుకుంటారు, ఏదో వాన పడితే అన్నంత మామూలుగా.

కానీ నా మనసులో తిరుగుతున్నది స్టేషను కాదు. అంతకు కాస్త ముందు, పిల్లలు కూర్చున్న గది. వంట చల్లారిపోయింది. అమ్మానాన్నలు రామన్నారు. నెల్లీ కంగారు పడుతుంది, స్టేషనుకైనా వెళ్ళకపోతే మనం ఎంత చెడ్డవాళ్ళమనుకుంటారు అని. కాదా మరి అంటాడు జార్జి. టైము దాటేదాకా కావాలనే ఊరుకున్నాడతను. వాళ్ళిద్దరికీ ఆ కాసేపు ఒంటరిగా ఉండాలనిపిస్తుందేమో అనుకున్నాను అంటాడు. అమ్మానాన్నలు భార్యాభర్తలని ఆ ఇంట్లో మొదటిసారి ఒకరికి తట్టింది, రైలు వెళ్ళిపోయే వేళకు. దీన్ని మర్యాద అందామా, మొహం చెల్లక దాక్కోవడం అందామా? నేను జార్జి పక్షమే. అతను తల్లికి ఇవ్వగలిగింది ఇంకేమీ మిగల్లేదు, ఉన్నదిచ్చాడు. మీరు చూస్తే ఒప్పుకోకపోవచ్చు.

ఒప్పుకోకపోయినా చూడండి, గంటన్నరే కదా. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్న మధ్యాహ్నమైతే మరీ మంచిది. పిల్లల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చూడమని మాత్రం నేను చెప్పను. మధ్యలో మీరు వాళ్ళ మొహాల వంకా, వాళ్ళు మీ మొహాల వంకా చూసుకోవాల్సొస్తుంది.